పుర్రచేతి గిటారు



నేడు నేనొక వాద్యమును గూర్చి ముచ్చటింపదలచితిని. దాని పేరు విద్యుత్ గిటారు. అందును, ఎడమచేతివాటము వారికొఱకు ప్రత్యేకముగా చేయబడిన గిటారు. ఇది మన పల్లెటూళ్లకు పనికివచ్చు మాటయేనా యని మీలో పెద్దలు కొందఱు నవ్వుకొనవచ్చును. ఆరు నెలల క్రిందట నైనచో నేనును నవ్వియే యుందును. కాని యీ వాద్యము మా యింట నొక తగవు తెచ్చిపెట్టెను. ఆ తగవు తీర్చుటకు ఇంటికి పెద్దనని నన్ను కూర్చుండబెట్టిరి. తీర్పు చెప్పువాడు ముందు సంగతి తెలిసికొనవలెను గదా! అట్లు తెలిసికొనిన దానిని మీ ముందుంచుచున్నాను.

మా మనుమడు తాడేపల్లిగూడెములో చదువుకొనుచున్నాడు. పదునాలుగేండ్లవాడు. పుట్టినది మొదలు వానిది పుర్రచేయి. బంతి విసరినను, కలము పట్టినను, తలుపు గొళ్లెము తీసినను ఎడమచేయియే ముందు సాగును. పండుగలకు పెద్దలిచ్చిన రూపాయలు కూడబెట్టుకొని, గిటారు కొనిపెట్టుమని నన్నడిగెను. ఏలూరులో నొక వాద్యముల దుకాణమునకు వెళ్లితిమి. గోడకు పది పండ్రెండు గిటారులు వ్రేలాడుచున్నవి. పిల్లవాడొకటి చేతికి తీసికొని, తెలియకయే దాని దండిని కుడివైపునకు త్రిప్పి పట్టుకొనెను. తీగలు తలక్రిందులైనవి. మీటలు మోచేతి క్రింద నలిగినవి. దుకాణదారుడు మంచివాడే. ఎడమచేతివాటపువి తాము తెప్పింపమనియు, అడుగువారు లేరనియు, కుడిచేతితోనే నేర్చుకొనినచో కొన్నాళ్లకు అలవాటగుననియు చెప్పెను.

ఇంటికి వచ్చిన వెనుక వాదము మొదలయ్యెను. చేయి మార్చుకొనుటలో కష్టమేమున్నదని కోడలు. అసలు గిటారే వలదని కుమారుడు. పిల్లవాడు మాత్రము నా మొగము చూచి, “తాతయ్యా, నువ్వే చెప్పు” అని యూరకుండెను.

వాడు నన్నే యేల అడిగెనో నాకు తెలియును. నాదియు పుర్రచేయియే. నేను ఓనమాలు దిద్దుకొను నాడు ఒక పంతులుగారు ఎడమచేతి వ్రేళ్ల కణుపులపై బెత్తముతో కొట్టి, చాలనప్పుడు ఆ చేతిని తువ్వాలుతో నడుమునకు కట్టి, కుడిచేత బలపము పట్టించిరి. ఆయన నాకు కీడు తలపెట్టలేదు. ఆ కాలమున మంచియని తోచినది చేసిరి. నేను వ్రాయ నేర్చితిని. కాని నా దస్తూరి చూచి నేటికిని మా యింటివారు నవ్వుదురు. వేసవి సెలవులలో కొల్లేటి యొడ్డున మేనమామగారి యూరికి పోయినప్పుడు మాత్రము, విసురువల చేతికిచ్చినచో నా యెడమచేయి తనంత తాను లేచెడిది. వల చక్కగా గుండ్రముగా పఱచుకొని నీట పడెడిది. ఏ చేత విసరితివని చేప యెన్నడు నన్నడుగలేదు.

ఇక వాద్యము మాటకు వత్తము. వీణ యెఱిగినవారికి గిటారు తెలిసికొనుట కష్టము కాదు. ఏలూరునకు వాయవ్యముగా నున్న నూజివీడు మామిడిపండ్లకే గాక వీణలకును పేరుపొందిన యూరు. అచ్చటి వీణను చూచినవారు గుర్తు తెచ్చుకొనుడు. వీణకు దండి యున్నట్లే గిటారుకును దండి కలదు. మెట్లు కలవు. తీగల బిగువు సవరించు బిరడలు కలవు. తీగలు పైచివర మేరువుమీదుగాను, క్రిందిచివర గుఱ్ఱముమీదుగాను సాగును. వాయించువాడు ఒక చేతి వ్రేళ్లతో మెట్లవద్ద తీగల నదిమి, రెండవ చేతితో మీటును. సామాన్యముగా ఎడమచేయి మెట్లమీద నుండును, కుడిచేయి మీటును. తీగలు ఆరు. మందరస్థాయి పలుకు లావు తీగ పైనను, తారస్థాయి పలుకు సన్నతీగ క్రిందను ఉండును.

వీణకు పనసకఱ్ఱతో తొలిచిన కుండ నాదము నిచ్చును. విద్యుత్ గిటారులో పెక్కింటికి అట్టి కుండ లేదు. దాని శరీరము గట్టి పలక. మఱి నాదమెట్లు పుట్టును? తీగల క్రింద అయస్కాంతములు అమర్చి, వాని చుట్టును వెండ్రుకకంటె సన్నని రాగితీగను వేలకొలది చుట్లు చుట్టుదురు. దీనికి పికప్ అని పేరు. ఉక్కుతీగ అదరినప్పుడు అయస్కాంతపు ప్రభావము చలించును. ఆ చలనము వలన రాగిచుట్టలో అతిస్వల్పమైన విద్యుత్తు పుట్టును. 1831లో ఇంగ్లండులో ఫారడే యను పండితుడు కనిపెట్టిన సూత్రమే యిది. మన యిండ్లకు దీపమునిచ్చు విద్యుద్యంత్రములును దీనిమీదనే నడచుచున్నవి. ఆ స్వల్పవిద్యుత్తును ఆంప్లిఫయర్ అను పెట్టె పెద్దదిచేసి, లౌడుస్పీకరు ద్వారా వినిపించును. 1932 ప్రాంతమున అమెరికాలో రికెన్‌బాకర్ అను వారు ఇట్టి గిటారును అమ్మకమునకు తెచ్చిరి. దాని యాకారమును బట్టి జనులు దానికి వేపుడుపెనమని పేరుపెట్టిరి. 1950లో లియో ఫెండర్ అను నతని కర్మాగారము గట్టిపలక గిటారులను విరివిగా చేయ మొదలుపెట్టెను. 1954లో స్ట్రాటోకాస్టర్ అను ప్రసిద్ధమైన గిటారును వెలువరించెను.

ఇప్పుడు అసలు ప్రశ్న. కుడిచేతివాటపు గిటారును త్రిప్పి పట్టుకొనినచో చాలదా? ఎడమచేతివాటపు గిటారని వేఱొకటి యేల? నేనును మొదట అట్లే అనుకొంటిని. మా యూరికి చేరువనున్న ఒక వాద్యముల మరమ్మతుదారుడు గిటారును నా యెదుట విప్పి చూపిన వెనుకగాని సంగతి బోధపడలేదు.

మొదటిది మేరువు. దానిలో ఆరు గాట్లుండును. లావుతీగకు వెడల్పు గాటు, సన్నతీగకు సన్నగాటు. గిటారును త్రిప్పి, తీగల వరుసను మార్చినచో, లావుతీగ సన్నగాటిలో దిగదు. సన్నతీగ వెడల్పుగాటిలో నిలువక గిలగిలలాడును. రెండవది గుఱ్ఱము. లావుతీగకు సన్నతీగకంటె రవంత నిడివి యెక్కువ కావలెను. అందుకని గుఱ్ఱమును ఏటవాలుగా గాని, తీగకొక మెట్టుగా గాని అమర్తురు. అది తారుమారైనచో, వట్టితీగ శ్రుతిలోనున్నను పైమెట్లకు పోవుకొలది అపశ్రుతి పలుకును. మూడవది శరీరపు గండి. పైస్థాయి మెట్లను వ్రేళ్లందుకొనుటకై దండి మొదట క్రిందివైపున పలకను లోతుగా కోసి యుంచుదురు. త్రిప్పినచో ఆ గండి పైకి పోవును. చేయి పలకకు తగిలి ఆగిపోవును. నాలుగవది ధ్వనిని హెచ్చించి తగ్గించు మీటలు. అవి మీటుచేతి చిటికెనవ్రేలికి అందుబాటులో నుండవలసినవి; త్రిప్పినచో మోచేతి క్రిందికి వచ్చి, పాట నడుమ తమంత తామే తిరుగును. అయిదవది పికప్. అందలి అయస్కాంతములు ఒక్కొక్క తీగ తత్త్వమును బట్టి హెచ్చుతగ్గుగా నిలిపియుండును. గుఱ్ఱము చెంతనున్న పికప్‌ను కొన్ని గిటారులలో ఏటవాలుగా అమర్తురు. ఆఱవది చిన్నదే కాని తొలుత నేర్చువానికి ముఖ్యము: దండి యంచున మెట్లగుర్తులుగా పెట్టు చుక్కలు. గిటారును త్రిప్పినచో అవి వాయించువాని కంటికి కనబడక నేలవైపు చూచుచుండును.

కావున నిజమైన ఎడమచేతి గిటారు కుడిచేతి గిటారునకు అద్దములోని ప్రతిబింబము వంటిది. మేరువు మొదలు పటకా తగిలించు గుబ్బ వఱకు సర్వమును మఱలి యుండును. అట్టి దానిని చేయుటకు కర్మాగారమున అచ్చులును కొలతలును వేఱుగా నుంచుకొనవలెను. లోకమున నూటికి సుమారు పదిమంది ఎడమచేతివాటము వారు. వారిలోను పెక్కండ్రు దొరికిన వాద్యముతో సర్దుకొనిపోవుదురు. అందుచేత 1950, 1960 ప్రాంతములలో పెద్ద కర్మాగారములు సైతము ఎడమచేతివి కొలదిగా మాత్రమే చేసినవి. ఆ కాలపువి నేడు అరుదైన వస్తువులై, సేకరించువారు వెదకి వెదకి కొనుచున్నారు.

మఱి ఆ దినములలో పుర్రచేతివారు ఏమి చేసిరి? పలువురు పలుత్రోవల పోయిరి. అమెరికాలో జిమీ హెండ్రిక్స్ అను గొప్ప వాదకుడుండెను. 1942లో పుట్టి 1970లోనే గతించెను. ఎడమచేయి మంచిది కాదని తండ్రి యతనిని కుడిచేతికి మరల్చ జూచెనని చెప్పుదురు. అతడు కుడిచేతి స్ట్రాటోకాస్టర్‌ను త్రిప్పి పట్టి, తీగల వరుస మాత్రము తనకు తగినట్లు మార్చి కట్టుకొనెను. మీటలు పైకి వచ్చినను, పికప్ వాలు తారుమారైనను లెక్కింపక, ఆ తారుమారులోనుండియే తన నాదమును తెచ్చుకొనెను. ఆల్బర్ట్ కింగ్ అను నింకొక వాదకుడు తీగలను కూడ మార్చలేదు. సన్నతీగ పైనను లావుతీగ క్రిందను ఉండగానే వాయించెను. తక్కినవారు పైకి నెట్టు తీగను అతడు క్రిందికి లాగెడివాడు. ఆ లాగుటలో వచ్చు గమకము అతని సొత్తయ్యెను.

వీరిని చూచి, చూచితిరా, సర్దుకొనినవారే గొప్పవారైరని యొకరు వాదింపవచ్చును. మా కోడలు అట్లే వాదించెను. నేననినది: వీరు వాద్యముతో సర్దుకొనిరి గాని తమ చేతిని మార్చుకొనలేదు. సర్దుకొనలేక వాద్యమును మూలబెట్టిన వారి పేళ్లు మనకెట్లు తెలియును?

ఇక, అరుదైన పాత ఎడమచేతి గిటారు కథ యొకటి చెప్పెదను. ఇంగ్లండులో లివర్‌పూల్ అను రేవుపట్టణమున 1942లో పాల్ మకార్ట్‌నీ పుట్టెను. తండ్రి యిచ్చిన ట్రంపెట్టు బాకాను మార్చి అతడొక గిటారు తెచ్చుకొనెను. ఎంత పెనగినను చేతికి రాలేదు. తప్పు తనదేయని తలచెను. ఒకనాడు స్లిమ్ విట్‌మన్ అను గాయకుని చిత్రమును చూడగా, అతడు గిటారును ఎడమచేతివాటముగా పట్టుకొని యుండెను. పిల్లవానికి అప్పుడు తెలిసినది, లోపము తనయందు లేదని. తీగలు విప్పి తారుమారుచేసి కట్టుకొనెను, వాద్యము లొంగెను. చూడుడు, ఒక్క చిత్రము! తనవంటివాడు లోకములో మఱొకడున్నాడను ధైర్యము చాలును.

బీటిల్స్ అను గాయకబృందముతో జర్మనీలోని హాంబర్గు నగరమున నుండగా, 1961లో అతడు సుమారు 30 పౌన్లకు ఒక బేసు గిటారు కొనెను. బేసు గిటారనగా నాలుగే తీగలతో మందరస్థాయి పలుకు వాద్యము. దానిని చేసినది జర్మనీలోని హోఫ్నర్ సంస్థ. ఆ జాతి గిటారును వారు 1956లో వెలువరించిరి. దాని శరీరము ఫిడేలు ఆకారముననుండును, లోపల బోలు, అందుచేత మిక్కిలి తేలిక. ఫిడేలు ఆకారమునకు కుడియెడమలు సమానమగుటచే, ఎడమచేత పట్టినను వికారముగా కనబడదని అతడు దాని నిష్టపడెను. కొల్లేటిలో తాటిదోనెను ఎఱిగిన మనకు ఆ సుఖము తెలియును. దోనెకు కుడిప్రక్క యెడమప్రక్క యను భేదము లేదు. ఏ వైపున గడ వేసినను సాగును. అయినను అతడు కుడిచేతిదానిని త్రిప్పి పట్టలేదు. మీటలు మొదలైనవి తన చేతికి తగినట్లమర్చిన ఎడమచేతిదానినే కొనెను. అందలి రెండు పికప్‌లును దండి మొదట ఒకదాని చెంత నొకటి యుండును; తరువాత 1963లో అతడు పొందిన రెండవ హోఫ్నర్‌లో అవి యెడముగా నుండును. ఆ పాతదానిని గుర్తుపట్టుటకు అదియొక ఆనవాలు.

ఆ బృందపు తొలిపాటలలో వినబడు మందరనాదము ఆ గిటారుదే. 1972 అక్టోబరు 10వ తేదీ రాత్రి లండనులో నిలిపియున్న బండిలోనుండి దొంగలు దానిని ఎత్తుకొనిపోయిరి. ఏబదియేండ్లు జాడలేదు. కొందఱు శ్రద్ధాళువులు పట్టుదలతో వెదకగా, ఒక యింటి అటకమీద నున్నట్లు తేలెను. దండి విఱిగియుండెను. 2023 చివర అది యజమానుని చేరెను. 2024 ఫిబ్రవరిలో లోకమునకు తెలిసెను. బాగుచేయించిన వెనుక, 2024 డిసెంబరు 19వ తేదీన లండనులో వేలాది జనుల యెదుట ఎనుబదిరెండేండ్ల ప్రాయమున ఆయన దానిని మరల వాయించెను. 30 పౌన్ల వస్తువది. ఆయన తలచుకొనినచో వేయి కొనగలడు. కాని తన చేతికి సరిపోయిన తొలి బేసు గిటారు అదియే. మనిషి దానిని మఱచునా?

దూరదేశపు కథలు చాలును. మన చేరువకు వత్తము. కర్ణాటక సంగీతమున పళని సుబ్రహ్మణ్య పిళ్లెగారు మహా మార్దంగికులు. 1908లో పుట్టి 1962లో గతించిరి. ఆయన ఎడమచేతివాటము వారు. మృదంగమునకు గిటారువలె చిక్కులు లేవు; అటునిటు త్రిప్పుకొనినచో అదే మృదంగము ఎడమచేతిది యగును. చిక్కు వచ్చినది కూర్చుండు చోటువద్ద. కరణ పెట్టిన తల, అనగా చక్కని నాదము పలుకు తల, సభవైపు ఉండవలెను. ఎడమచేతివాడైనచో అతడు గాయకునికి రెండవ ప్రక్క కూర్చుండవలెను. అప్పుడు ఫిడేలు విద్వాంసుడు తన చోటు విడిచి ఇటు రావలెను. కొందఱు దానికి సమ్మతింపకపోయిరి. అందుచే ఆయనకు కచేరీలు దొరకుట కష్టమయ్యెను. అట్టి వేళ ఆయనను ఆదరించి, తన ప్రక్కన కూర్చుండబెట్టుకొని, సభలకు పరిచయము చేసినవారిలో ముఖ్యులు చెంబై వైద్యనాథ భాగవతారుగారు. వాద్యమును మార్చ నక్కఱలేదు. చేతిని మార్చ నక్కఱలేదు. ఒక చాప ఇటునుండి అటు జరిగిన చాలునని ఆ మహనీయుడు గ్రహించెను. చాప జరుపుటకు సమ్మతింపని వారివలన ఎన్ని విద్యలు మనదేశమున మూలపడెనో గదా!

ఈ చెంబైగారి శిష్యులలో రుద్రరాజు సుబ్బరాజుగారు ఒకరు. ఆ సుబ్బరాజుగారి శిష్యుడే మన గోదావరిసీమ బిడ్డ, మాండలిన్ శ్రీనివాస్. తాడేపల్లిగూడెమునకు ఆగ్నేయముగా నున్న పాలకొల్లులో 1969 ఫిబ్రవరి 28న పుట్టెను. ఆయన పుర్రచేతివాడు కాడు. కాని మన ప్రశ్నకు ఆయన కథలో జవాబున్నది. మాండలిన్ యూరపుఖండపు వాద్యము. ఎనిమిది తీగలు, రెండేసి జంటలుగా నుండును. నాదము మీటినంతనే అణగిపోవును. మన రాగములకు కావలసిన గమకము అందు నిలువదు. ఆయన విద్యుత్ మాండలిన్‌ను చేపట్టి, జంటతీగలను తీసివేసి ఒంటితీగలు పెట్టి, వానిని అయిదు చేసికొనెను. పికప్ వలన నాదము నిలిచెను. ఒంటితీగ వలన గమకము లొంగెను. విదేశపు వాద్యమని ఆక్షేపించిన వారుండిరి. గురువుగారికి మాండలిన్ వాయించుట రాదు. ఆయన పాడెను, శిష్యుడు దానిని తీగలపై పట్టుకొనెను. శిష్యుని చేతి వ్రేళ్లెట్లు కదలవలెనో గురువు శాసింపలేదు. 1978లో కొల్లేటికి నైరుతిగా నున్న గుడివాడలో, త్యాగరాజోత్సవములందు, ఆ బాలుని తొలి కచేరీ జరిగెను. 1998లో పద్మశ్రీ పురస్కారము లభించెను. 2014 సెప్టెంబరు 19న, నలుబదియైదేండ్లకే, చెన్నపట్టణమున గతించెను. వాద్యమును సంగీతమునకు తగినట్లు మార్చుకొనవచ్చునని మన సీమవాడే లోకమునకు చూపెను. సంగీతమునకొఱకు మార్చదగిన వాద్యమును చేతికొఱకు మార్చరాదా?

మన పొలములలో చూడుడు. పండ్లకొడవలికి పండ్లు ఒక ప్రక్కనే కోసియుండును. ఎడమచేతికూలి దానిని పట్టినచో కోత సరిగా తెగదు, మణికట్టు నొచ్చును. వాడు చేతకానివాడని మేస్త్రీ తిట్టును. అదే కమ్మరియొద్ద రెండవప్రక్క పండ్లు కోయించి యిచ్చి చూడుడు. వాని వరుస ముందుగా గట్టు చేరవచ్చును. తప్పు ఇనుములోనున్నదా, మనిషిలోనున్నదా యని కొట్టుటకు ముందు ఒకమాఱు ఆలోచింపవలెను.

ఎదిరిపక్షపు మాటయు చెప్పుట న్యాయము. ఒక సంగీతోపాధ్యాయుడు నాతో ననెను: తీగవాద్యమున రెండుచేతులకును పనియే, మెట్లమీది చేతికి నేర్పు ఎక్కువ కావలెను, వీణయందును ఫిడేలునందును పుర్రచేతి పిల్లలు తక్కినవారివలెనే నేర్చుకొనుచున్నారు గదా యని. ఇది నిజమే. అట్లు సుఖముగా నేర్చువారు కలరు. దొరకుటయు సులువు, వెలయు తక్కువ. కావున అందఱికి ఒకే సూత్రము చెప్పరాదు. పిల్లవానికి వాద్యము లేకుండ, పాట వినిపించి, ఉత్తచేతులతో వాయించినట్లు అభినయింపుమనుడు. తాళమును మీటుటకు ఏ చేయి తనంత తాను లేచునో చూడుడు. లేచినది కుడిచేయియైన గొడవయే లేదు. ఎడమచేయియైనచో, ఒకటి రెండు వారములు రెండువిధములను పట్టి చూడనిండు. పిమ్మట పిల్లవానినే అడుగుడు. నిర్ణయము వాని చేతిది.

ఎడమచేతిది కావలెనని తేలినచో మూడు త్రోవలున్నవి. మొదటిది, పట్టణమునుండి ఆర్డరుపై ఎడమచేతి గిటారును తెప్పించుట. ఆలస్యమైనను ఇదియే ఉత్తమము. రెండవది, రెండువైపుల సమానమైన ఆకారముగల గిటారును కొని, మేరువును మార్పించి, గుఱ్ఱమును సరిచేయించి, తీగలను తిరుగవేయించుట, నేర్చుకొనువానికిది చాలును. మేరువు మార్చక తీగలు మాత్రము మార్చిన అంగడివానిని నమ్మవలదు. మూడవది, ఆల్బర్ట్ కింగువలె తీగలను కదల్పకయే వాయించుట. ఇది కష్టము, నేర్పువారును అరుదు. కొనునప్పుడు మీరే పరీక్షింపవచ్చును: గిటారును ఎడమచేతివాటముగా పట్టించి, లావుతీగ పైన నున్నదా, గండి క్రింద నున్నదా, మీటలు క్రింద నున్నవా, యంచు చుక్కలు పిల్లవాని కంటికి కనబడుచున్నవా చూడుడు. నాలుగును సరియైనచో అది నిజమైన ఎడమచేతి గిటారే.

పెద్దలకు ఒక సందేహము మిగులును. ఎడమచేయి అశుభమని మన ఆచారము గదా? భోజనము కుడిచేత చేయుట, పెద్దలకు కుడిచేత ఇచ్చుట మర్యాదలు. వానిని మా మనుమడును నేర్చినాడు, నేనును విడువలేదు. మర్యాద వేఱు, పని వేఱు. అర్జునుడు ఎడమచేతను బాణము వేయగలవాడు గనుకనే సవ్యసాచి యను బిరుదు వచ్చినది. అది నింద కాదు, కీర్తి. అమరకోశము చదివినవారికి సవ్యమనగా ఎడమయని తెలియును. పని చక్కగా జరిగినప్పుడు సవ్యముగా జరిగినదని మనమే యందుము. అర్ధనారీశ్వరుని యెడమభాగము అమ్మవారిది. ఇంతటి గౌరవమున్న చేతిని పసివాని మేన కొట్టి కట్టుట యేల?

నా తీర్పు చెప్పితిని. చేయి మార్చ నక్కఱలేదు, గిటారే మారవలెను. కుమారుడు కొంత గొణిగెను, పిమ్మట తానే పట్టణమునకు వ్రాసి తెప్పించెను. మూడు నెలలు పట్టెను. అంతవఱకు ఆ మరమ్మతుదారుడు ఒక పాత గిటారుకు మేరువు మార్చి యిచ్చెను. సాయంత్రములు పిల్లవాడు అరుగుమీద కూర్చుండి మీటుచుండును. ఇప్పటికింకను రెండు మూడు పాటలకంటె రావు, తప్పులును పలుకును. అవి నేర్చుకొనువాని తప్పులు, చేతి తప్పులు కావు. నిన్నటిదినము వాని ప్రక్కన కూర్చుండి, కాగితము తీసికొని, ఎడమచేతితో నా పేరు వ్రాసి చూచితిని. అక్షరములు వంకరలు పోయినవి. అఱువది యేండ్లకు పైబడి ఆలస్యమైనది గదా!

శ్రోతలారా, మీ యింటగాని మీ బడిలోగాని ఒక బిడ్డ ఎడమచేయి చాచినప్పుడు బెత్తము నందుకొనకుడు. ఆ చేతికి తగిన కొడవలియో, కత్తెరయో, గిటారో ఎక్కడనైన దొరకునేమో వెదకుడు. దొరకనిచో చేయించుడు. అదియు కానిచో, కనీసము చాప ఒకింత జరుపుడు.

సెలవు.